అడుగుల వెంట మద్దెల

ధర్మవరంలో తేరు ముందు ఆడే అవకాశం మా వదిన చెక్కభజన జట్టుకు ఇన్నేళ్ళకు వచ్చింది. వచ్చిన వారానికే మద్దెల వాయించే మనిషి లేకుండా పోయాడు. ఆయన వదిన భర్తే, నాకు అన్న వరస. బెంగళూరులో పని దొరికి వెళ్ళిపోయాడు. కొత్తగా చేరినవాడికి సెలవెక్కడిది? ముదిగుబ్బలో ఒకాయన్ను అడిగితే ఆ రోజు వేరే జట్టుకు మాటిచ్చానన్నాడు. తేరు పెద్దలేమో, "మద్దెల లేకుంటే చెప్పేయండమ్మా, మగోళ్ళ జట్టును పిలుచుకుంటాం" అని కబురు పెట్టారు.

పెనుకొండలో నాకొక చిన్న జిరాక్సు కొట్టుంది. వదిన భజన చెక్కలు చంకన పెట్టుకుని నేరుగా అక్కడికే వచ్చింది.

"ఏమ్మే, నీ కంప్యూటర్లో పాటలొస్తాయి కదా. మద్దెల రాదా?"

"వస్తాది వదినా. నేర్చుకోవాల అంతే."

"లైబ్రరీలో పుస్తకాలన్నీ నమిలేసినావంట కదా. ఇదొకటి నమల్లేవా?"

ఎగతాళిగానే అన్నా నాకది గౌరవంగానే వినిపించింది. నా బడి చదువు పదితో ఆగింది. ఆ తర్వాత తెలుసుకున్నదంతా హిందూపురం గ్రంథాలయంలోనే. చుక్కల గురించి, చీమల గురించి, కోర్టుల గురించి అక్కడి చెక్కబల్ల మీదే చదివాను. ఆ ఆదివారం పొద్దున్నే రైలెక్కి వెళ్ళాను. తాళాల మీద ఒక పుస్తకం, శబ్దశాస్త్రం మీద ఒక పాత పుస్తకం దొరికాయి. మద్దెల తోలు మీద ఇసుక చల్లి మోగిస్తే ఇసుక దానంతటదే గీతలుగా సర్దుకుంటుందని ఆ రెండోదాంట్లో బొమ్మ వేసి చూపించారు. ఆ పేజీ దగ్గరే చాలాసేపు ఉండిపోయాను. చిన్నప్పట్నుంచీ వింటున్న మోతకు ఒక ముఖం ఉందని అప్పటిదాకా నాకు తెలియదు.

సంగీతం తయారుచేసే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటి కొట్టులోని లాప్‌టాప్‌లో ఎక్కించుకున్నాను. వదిన ఇంట్లో గోడకు వేలాడే అన్న మద్దెలను దించి, వదిన చేత ఒక్కో దెబ్బ విడిగా కొట్టించి ఫోనులో పట్టాను. లోతుగా మోగేది ఒకటి, చురుగ్గా మోగేది ఒకటి, వేళ్ళతో తట్టేది ఒకటి. ఇక వాటిని వరసలో పేర్చడమే పని. పేర్చడానికి దారులు చాలా ఉన్నాయి.

మొదటి దారి గళ్ళది. తెర మీద అడ్డంగా సమానమైన గళ్ళుంటాయి. ఏ గడిని నొక్కితే అక్కడ దెబ్బ పడుతుంది. చూడగానే ఇదే నా దారి అనుకున్నాను. నేను ధర్మవరంలో మగ్గాల ఇంట్లో పుట్టినదాన్ని. మా నాయన చీర అంచుకు గ్రాఫు కాగితం మీద గళ్ళు నింపేవాడు. కాగితం మీద పడిన నెమలి పట్టు మీద తప్పకుండా దిగేది. గళ్ళలో సరిపోయినదేదీ తప్పు కాదని నా నమ్మకం. పుస్తకంలో చెప్పినట్టు తాళాన్ని గళ్ళలో నింపి, ముగింపు వైపు వేగం పెరిగేలా పెట్టి బెంగళూరుకు పంపాను.

అన్న వెంటనే ఫోన్ చేశాడు. "ఏమ్మా, కుట్టుమిషన్ ఎవురు తొక్కుతాండేది?"

జట్టు కూడా దానితో ఆడి చూసింది. వలయం మలుపు తిరిగినప్పుడల్లా అడుగు వెనకబడేది, మద్దెల ముందుకు పోయేది. "దానికి కాళ్ళు లేవు కదా, ఏం తొందరో!" అని ఒకామె అంటే అందరూ నవ్వారు. వదిన నవ్వలేదు. చెక్కలు మూటగట్టి, "రేపు కబురు పంపిస్తాలే, మేం రాలేమని" అంది. ఇన్నేళ్ళు అడిగి అడిగి తెచ్చుకున్న అవకాశం అది. ఒక్క వారం ఆగమని బతిమాలాను.

రెండో దారి పట్టాను. కీబోర్డు మీటల మీద వేళ్ళతో నేనే వాయించడం. వాయించింది అటూ ఇటూ పోతే సాఫ్ట్‌వేర్ దాన్ని లాగి దగ్గరున్న గడి గీత మీద కూర్చోబెడుతుంది. అప్పుడు మళ్ళీ కుట్టుమిషనే. లాగకుండా వదిలేస్తే నా వేళ్ళ తడబాటు మిగులుతుంది. పాత వీడియోల్లోంచి అన్న వాయింపు తీసుకుందామని వెతికితే ఈలలూ కేకలూ తప్ప ఏమీ లేవు.

ఇంకో రైలు, మళ్ళీ అదే బల్ల. ఆ సాఫ్ట్‌వేర్ వివరాల పుస్తకాన్ని కాగితాల మీద ముద్రించుకుని, పక్కన నిఘంటువు పెట్టుకుని ఒక్కో వాక్యం చదివాను. మధ్యాహ్నానికి ఒక చిన్న పేరా దగ్గర నా వేలు ఆగింది. ముందు మనిషి చేసిన శబ్దాన్ని పట్టుకోవచ్చు, తర్వాత గీతలనే జరిపి ఆ శబ్దానికి సరిపెట్టవచ్చు అని ఉంది. గీతలు జరుగుతాయా! నాకు ఆ ఆలోచనే రాలేదు.

మర్నాడు సాయంత్రం వదిన ఇంటి ముందు సిమెంటు అరుగు మీద ఫోను పెట్టి, మద్దెల లేకుండా జట్టును ఆడమన్నాను.

"దేనికి ఆడేది? గాలికా?" అంది వదిన.

"నీ కాళ్ళకే ఆడు వదినా."

కొట్టులో ఆ శబ్దాన్ని తెర మీద తెరిచాను. ప్రతి అడుగూ తుమ్మముల్లులా నిలబడి కనిపించింది. ఒక్కో ముల్లు కిందికి ఒక్కో గీతను జరుపుతూ పోయాను. జరిపేకొద్దీ గళ్ళు కదిలాయి. కొన్ని సన్నబడ్డాయి, కొన్ని వెడల్పయ్యాయి. ఆట ఊపందుకునే చోట దగ్గరదగ్గరగా ముడుచుకున్నాయి. వలయం తిరిగే ప్రతి మలుపులోనూ ఒక్క గడి, ఒకే ఒక్కటి, కొంచెం ఒళ్ళు విరుచుకున్నట్టు సాగింది. మొదటి మలుపులో అంతే, చివరి మలుపులో అంతే. అంతమంది ఆడవాళ్ళు, ఎవరూ ఎవరికీ చెప్పకుండా, ఒకే చోట ఒకేలా ఊపిరి తీసుకున్నారు. అడిగినా చెప్పలేరు, అలా ఆగుతామని వాళ్ళకే తెలియదు. నాకు ఒళ్ళు జలదరించింది. గ్రహాల దారి గుండ్రం కాదని మొదటిసారి చదివిన రోజున కూడా ఇలాగే అయింది నాకు.

ఆ వంగిన గళ్ళలో వదిన కొట్టిన దెబ్బలను పేర్చి అన్నకు పంపాను. ఈసారి ఫోన్ రావడం ఆలస్యమైంది.

"ఎవుర్ని పిలిపించినారమ్మా?"

"ఎవుర్నీ లేదన్నా. నేనే, మౌస్‌తో."

"మలుపు కాడ ఆగినావే. ఆడ నేను ఆగుతానని నీకెవురు చెప్పినారు?"

"వదిన అడుగు చెప్పింది. గీతను ఆడికి జరిపినా."

"అయితే ఇంగ నాకు పని లేనట్లే. పండక్కి మద్దెలాయనకిచ్చే పంచె కూడా మీ వదినకే ఇయ్యండి" అన్నాడు. పక్కనే వింటున్న వదిన, "పంచె నేనేం చేసుకునేది, పట్టుచీరే పంపమను" అని, మూట విప్పి చెక్కలు తీసుకుంది.

తేరు నాడు మైకు అతని పక్కన లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. ఎండ తెర మీద పడి ఏమీ కనిపించడం లేదు. చూడాల్సిన అవసరమూ రాలేదు. మద్దెల మోగింది, అడుగు పడింది. మలుపులో రెండూ కలిసి ఆగాయి, కలిసి లేచాయి. "మద్దెలాయన యాడ?" అని జనంలో ఎవరో వెతుక్కుంటున్నారు. నేను మాత్రం వదిన పాదాలనే చూస్తున్నాను. దుమ్ములో మడమ ఆనిన ప్రతిసారీ మోత ఆ మడమ కిందనుంచే పుడుతున్నట్టుంది.

ఆట ఆఖరుకు వచ్చింది. అరుగు ముందు ఆ సాయంత్రం వాళ్ళు అలిసి నిలబడిన చోట మద్దెల ఆగిపోయింది. నేను పేర్చింది అక్కడివరకే. జట్టు ఆగలేదు. తేరు కదిలింది, జనం అరిచారు, వదిన చెక్కలు పైకెత్తి ఇంకో వలయం ఎత్తుకుంది. స్పీకర్లలో ఏమీ లేదు. కానీ వీధి నిండా అడుగులే మోగుతున్నాయి, చెక్కలకున్న ఇత్తడి బిళ్ళల గలగలతో, మలుపులో అదే ఊపిరితో. కంప్యూటర్ కట్టేసినా వినబడేంత గట్టిగా ఉన్నాయవి. మైకు అతను తీగలు తడుముకోబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను.

అంతా అయ్యాక వదిన చెమట తుడుచుకుంటూ నా దగ్గరకొచ్చింది.

"ఏమ్మే, నీ మద్దెల నడిమధ్యలోనే అలిసిపోయిందే?"

"నువ్వు అలవకుంటే నేనేం చేసేది వదినా?"

"వచ్చేసారి ఇంకా పొడుగ్గా కొట్టు" అని, నీళ్ళ సీసా నా చేతిలోంచి లాక్కుంది.