అగరుబత్తి పొగ చెప్పిన గాలి

నేను బాపట్లలో ఆర్కిటెక్చర్ పిల్లలకు డిజైన్ స్టూడియో చెబుతాను. ఇల్లు గీసే ముందు స్థలాన్నీ ఎండనూ గాలినీ చదవడం నేర్పే క్లాసు అది. ఈ ఏడు స్థలం పెనుమూడిలో, కరకట్ట పక్కన. తలా ఒక అగరుబత్తుల కట్ట ఇచ్చి, గంటకోసారి వెలిగించి పొగ ఎటు వాలుతుందో రాసుకోమన్నాను. మధ్యాహ్నం దాటాక అందరి పొగా ఉత్తరానికే వాలింది. అంటే దక్షిణం నుంచి సముద్రపు గాలి వస్తోందన్నమాట. దక్షిణం గోడకు కిటికీ లేని డ్రాయింగ్ షీటు నా టేబుల్ మీదికి రాకూడదని అక్కడే చెప్పేశాను.

అయినా ఒకటి వచ్చింది. గీసింది రేపల్లె అమ్మాయి. క్లాసులో అందరికంటే శుభ్రమైన గీత ఆమెది.

"ఏంటిది?" అన్నాను.

"నిజంగా కట్టే ఇల్లు గీయమన్నారు కదండి మేడం. మా ఇంట్లో అయితే నాన్న దక్షిణం వైపు కిటికీ పెట్టనివ్వరండి. వాస్తు ఒప్పుకోదంటారు."

నాకు ఒళ్లు మండింది. "నాన్నను ఒప్పించలేనప్పుడు ఈ చదువు దేనికమ్మా? మార్చకపోతే ఈ సెమిస్టర్ ఫెయిలవుతావు" అన్నాను, క్లాసంతా వినేలా. అమ్మాయి తల వంచుకుంది. గెలిచాననిపించింది నాకు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మార్చిన షీటు చూపించడానికి ఆదివారం తెనాలిలో మా ఇంటికి వచ్చింది. పాతదీ కొత్తదీ హాల్లో నేల మీద పరిచేలోపే కరెంటు పోయింది. ఇద్దరికీ చెమటలు కారిపోతున్నాయి. మా మామగారు అప్పుడే మధ్యాహ్నం నిద్ర లేచి, అలవాటు ప్రకారం దేవుడి పటం ముందు అగరుబత్తి వెలిగించి, విసనకర్ర పట్టుకుని పడక్కుర్చీలో కూర్చున్నారు.

అమ్మాయి ఆ పొగనే చూస్తోంది. అలా చూడడం నేర్పింది నేనే. పొగ ఎటూ వాలకుండా నిటారుగా పైకి పోతోంది. ఆమె చూపు అక్కణ్నుంచి దక్షిణం గోడ మీదికి వెళ్లింది. ఎన్నిసార్లు రంగులు వేయించినా ఆ గోడ మీద నలుచదరంగా ఒక గీత తెలుస్తూనే ఉంటుంది.

"ఈ ఇల్లు ఎవరు గీశారండి మేడం?"

"నేనే."

"మరి ఆ కిటికీ మూసేటప్పుడు మీరేమన్నారండి?"

మామగారు విసురుకోవడం ఆపి నా వైపు చూశారు. గోడలు లేచాక వాస్తు సిద్ధాంతిని పిలిపించి, కిటికీకి వదిలిన ఖాళీని ఇటుకలతో మూయించింది ఆయనే. మేస్త్రి ఇటుకలు పేరుస్తుంటే నేను మంచినీళ్లు అందించాను. నోరు మాత్రం తెరవలేదు. అప్పటి నుంచీ రోజూ రైలెక్కి బాపట్ల వెళ్లి గాలి గురించి పాఠం చెప్పి, తిరిగి ఈ ఉక్కలోకే వచ్చి పడుతున్నాను. ఏమీ అనలేదన్న ఆ ఒక్క మాట కూడా ఆయన ముందు అనలేకపోయాను.

అమ్మాయి రెండు షీట్లూ నా ముందుకు జరిపింది.

"ఏది పెట్టమంటారండి?"

"కిటికీ ఉన్నదే" అన్నాను, మామగారికి వినపడనంత మెల్లగా.