వదిన కంప్యూటర్‌లో కీచు

మా ఆయన కంప్యూటర్లు బాగుచేస్తాడు. ఇరవై ఏళ్లుగా అదే పని. పెట్టెకి చెవి ఆనించి, కళ్లు మూసుకుని, ఏ ఫ్యాన్ అరిగిందో ఇట్టే చెప్పేస్తాడని పేరు. వేడి కొలిచే పరికరాలంటే మహా చులకన. వీధిలో అందరూ చెవుల మేస్త్రి అంటారు. ఆ పిలుపు వింటే చాలు, ఆయన కాళ్లు నేలమీద ఆనవు.

మా వదిన, అంటే ఆయన అక్క, చూపులేని పిల్లల కోసం పాఠాలు చదివి రికార్డు చేస్తుంది. గొంతు వెనక కంప్యూటర్ హోరు కూడా పడుతోందని ఆమె మొత్తుకుంటే, ఫ్యాన్ల వేగం తగ్గించే కంట్రోలర్ ఒకటి పట్టుకుని బయల్దేరాడు. సాయానికి నేనూ వెళ్లాను. పాత సీడీ డ్రైవ్ ఊడదీసి, ఆ ఖాళీలో తిప్పే నాబ్‌లున్న కంట్రోలర్ పలక బిగించాడు. ఒక్కో ఫ్యాన్ తీగని ఒక్కో నాబ్‌కి కలిపాడు. వేడి చూపించే సన్న తీగని ప్రాసెసర్ పక్కన టేపుతో అంటించాలని కంట్రోలర్‌తో వచ్చిన కాగితంలో ఉంది. నేను పోరగా పోరగా విసుక్కుంటూ అంటించాడు.

ఇక పరీక్ష. నాబ్‌లు ఒక్కొక్కటీ తగ్గిస్తూ పోయి, "ఇదిగో, చడీచప్పుడూ లేదు," అన్నాడు గర్వంగా.

"కీచుమంటోంది కదరా తమ్ముడూ," అంది వదిన.

నాకూ వినబడుతోంది, పళ్లు జిల్లుమనేలా. ఆయన నవ్వేశాడు. "నీకు మొదట్నుంచీ చాదస్తమే అక్కా!"

వదిన ఒక నిమిషం రికార్డు చేసి, హెడ్‌ఫోన్లు ఆయన చెవులకి తగిలించింది. ఆయన కళ్లు మూసుకున్నాడు. "ఆఁ, ఉందిలే, కొంచెం," అన్నాడు.

వదిన అప్పటికింకా ఆ రికార్డింగ్ వినిపించడం మొదలుపెట్టనే లేదు.

అంటే సన్నటి చప్పుళ్లు ఆయనకి వినబడటమే లేదు. ఫోన్ మోగుతున్నా ఎత్తడని, ఇదంతా పొగరని ఎన్నిసార్లు సాధించానో!

"అటు తిరగండి," అని ఆయన్ని గోడవైపు తిప్పి, కీచుపెడుతున్న ఫ్యాన్‌ని ఆపేశాను. "తిరుగుతోందా?"

"ఆగింది."

మళ్లీ వేశాను. "ఇప్పుడు?"

"తిరుగుతోంది."

అలా మూడుసార్లు అడిగినా ఒక్క తప్పు లేదు. హమ్మయ్య అనుకోబోతూ చూశాను. ఆయన ఎడమచెయ్యి వీపు వెనక నుంచి వచ్చి పెట్టె అంచుని పట్టుకుని ఉంది. వేళ్లకి తెలిసే అదురుతోనే ఇంతకాలం నెట్టుకొస్తున్నాడన్నమాట.

"చెయ్యి తీసి చెప్పండి."

తియ్యలేదు. "ఇది కూడా తీసేస్తే నేనింకేం పనికొస్తానే?" అన్నాడు గోడకేసి చూస్తూనే.

ఏడుపొచ్చింది నాకు. వదిన మొహం తిప్పుకుంది. పలకమీద వేడి అంకె చూశాను. "నలభై రెండు డిగ్రీలు. కీచు అలాగే ఉంది. కాస్త పెంచండి."

ఆయన ఇటు తిరిగి నాబ్‌ని కొద్దిగా పెంచాడు. తర్వాత నా మొహంలోకి చూశాడు.

"ఇప్పుడు పోయిందా?" అని అడిగాడు.

ఇరవై ఏళ్లలో ఫ్యాన్ సంగతి ఆయన ఇంకొకరిని అడగడం అదే మొదటిసారి.