మబ్బుల్లో మస్సూరీ

అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు వెనక సందులో, ఒక చెప్పుల దుకాణం పైన, రత్నాకర్ గారి టూర్ల ఆఫీసు ఉంది. అక్కడ ఫోన్లు ఎత్తేది ఫ్లోరా. పెళ్ళయిన కొత్తలో చేరింది, ఇప్పుడు ఆమె వయసు యాభై దాటింది. అవతలి వాళ్ళు మస్సూరీ పేరెత్తారంటే ఇక ఆమెను ఆపడం ఎవరి తరమూ కాదు.

"కొండ అంచు మీద ఊరమ్మా. ఇటు జూస్తే డూన్ లోయ, అటు జూస్తే మంచు కొండలు. గాడ మన్సూర్ అని ఒక పొద ఉంటది, దాని పేరే ఊరికి పెట్టిన్రంట. రెండొందల ఏండ్ల కింద వేటకొచ్చిన తెల్ల కెప్టెన్ ఒకాయన చిన్న ఇల్లు కట్టుకున్నడు, ఇగ దొరలందరు ఎండకు తాళలేక గాడికే ఉరికిన్రు..."

ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో ఒక బొమ్మల పుస్తకం దొరికింది ఆమెకు. అందులో చదివిందీ, వెళ్ళొచ్చిన వాళ్ళు చెప్పిందీ కలిపి చెప్పేది. తను మాత్రం ఆ ఊరు ఎన్నడూ చూడలేదు.

నిరుడు దసరా ముందు, మస్సూరీకి రైలెక్కాల్సిన గుంపును తీసుకెళ్ళే జితేందర్‌కు ఒళ్ళంతా ఆటలమ్మ పోసింది. రత్నాకర్ గారు తల పట్టుకుని ఫ్లోరా వైపు చూశారు.

"ఫ్లోరమ్మా, నువ్వే పోవాలె."

"నేనా సార్? నాకు మా మెదక్ దోవ తప్ప ఇంకో దోవ తెల్వదు!"

"ఆ ఊరు గురించి ఇన్నేండ్లు నువ్వే చెప్తివి గదా. ఇగ పోయి చూపెట్టు."

ఆ సాయంత్రం నాంపల్లిలో ఇంటికి ఎలా చేరిందో ఆమెకే తెలియదు. భర్త దేవప్రసాద్ లక్డీకాపూల్‌లో కళ్ళద్దాల షాపులో పనిచేస్తాడు. సంగతి విని అటక మీంచి సూట్‌కేసు దించాడు. "ఊరందర్నీ తోలినవ్, ఇగ నువ్వు పో. ఇంటి ఫికర్ జెయ్యకు" అన్నాడు. ఆమె నవ్వుతూ సర్దింది, సర్దుతూ నవ్వింది. రైలు కదిలాక చూసుకుంటే సూట్‌కేసు నిండా స్వెటర్లే ఉన్నాయి, చీర ఒకటే ఉంది.

గుంపులో వామన్‌రావు అని బేగం బజార్ స్టీలు సామాన్ల వ్యాపారి ఉన్నాడు. నాంపల్లి స్టేషన్ నుంచే మొదలుపెట్టాడు. టీ పలచగా ఉందన్నాడు, దిండు గట్టిగా ఉందన్నాడు. పక్కన ఆయన భార్య సౌభాగ్య నోరు మెదిపితే ఒట్టు. డెహ్రాడూన్‌లో బస్సెక్కి పైకి పోతుంటే మలుపు మలుపుకూ అందరి తలలూ తిరిగిపోయాయి. సగం మంది కళ్ళు మూసుకుని కొంగులు, రుమాళ్ళు మొహాల మీద కప్పుకున్నారు. ఫ్లోరా మాత్రం సీట్లో నిలవలేదు. లేచి నిలబడి "అగో లోయ! అగో జలపాతం!" అని కేకలు వేసింది. డ్రైవరు అద్దంలోంచి ఆమెను చూసి తనూ హారన్ కొట్టడం మొదలుపెట్టాడు.

తీరా పైకి చేరితే ఊరంతా మబ్బు. మాల్ రోడ్డులో ఎదురుగా వచ్చే మనిషి కూడా దగ్గరికొస్తే గానీ ఆనలేదు. మర్నాడు పొద్దున తీగల మీద నడిచే ట్రాలీ ఎక్కి గన్ హిల్ మీదికి వెళ్ళారు. అక్కడా తెలుపే.

వామన్‌రావు మంకీ క్యాప్ సవరించుకున్నాడు. "ఏమమ్మా, గిదేనా నీ హిమాలయం? గింత పొగ మా బేగం బజార్ల మిర్చి దుకాన్ల గూడ లేస్తది."

గుంపంతా ఫ్లోరా మొహమే చూస్తోంది. ఇక చేసేదేముంది, కళ్ళు మూసుకుని ఫోన్లో మాట్లాడినట్టే అందుకుంది.

"ఇగో అన్నా, మనం నిలబడ్డ ఈ గుట్ట మీద ఒకప్పుడు ఫిరంగి ఉండేది. రోజు మిట్ట మధ్యాన్నం పేల్చేటోళ్ళు, ఊరందరు గడియారాలు సరిజేసుకునేటోళ్ళు. తడి గడ్డి, దూది కూరి పేల్చేటోళ్ళంట. అది ఇండ్ల మీద పడేదంట! ఒకసారైతే ఒక దొరసాని ఒళ్ళె వచ్చి పడ్డదని చెప్పుకుంటరు. నిజమో కతో నాకు తెల్వదు. సరిగ్గ పన్నెండు గొట్టంగనె..."

"ధాం!"

అరిచింది సౌభాగ్య, వామన్‌రావు చెవి పక్కనే. ఆయన "అవ్వో!" అని ఎగిరి గంతేశాడు. టోపీ కళ్ళ మీదికి జారింది. ఎవరో కిసుక్కుమన్నారు, ఇక గుట్టంతా నవ్వే.

ఆయన టోపీ పైకి లాక్కుని భార్యను తేరిపార చూశాడు. "ఇన్నేండ్ల సంసారంల గింత గట్టిగ ఎన్నడన్న మాట్లాడినావే నువ్వు?"

"మీరు మాట్లాడనిస్తె గద!"

ఆయనకూ నవ్వాగలేదు. రెయిలింగు పట్టుకుని వంగిపోయి నవ్వాడు. ఫ్లోరాకు ధైర్యం వచ్చింది. చెయ్యి చాచి తెల్లటి శూన్యంలోకి చూపిస్తూ, "అగో, గాడ బందర్‌పూంఛ్! దాని పక్కపొంటి కేదారనాథ్..." అని ఒక్కో శిఖరాన్నీ పేరు పెట్టి పిలిచింది.

ఇంతలో గాలి లేచింది. ఆమె చూపిస్తున్న చోట మబ్బు చిరిగింది. ఎక్కడో అడుగున డెహ్రాడూన్ ఇళ్ళ కప్పులు, ఎండలో మెరుస్తూ.

"ఫ్లోరా," అంది సౌభాగ్య మెల్లగా, "జర ఎనకకు తిరుగు."

తిరిగింది. ఆకాశంలో సగం దాకా మంచు. ఎండ పడి వెండిలా వెలుగుతూ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా కొండలు. ఫ్లోరా చేతుల్లో మొహం దాచుకుంది, మళ్ళీ తీసింది, మళ్ళీ దాచుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో పక్కవాళ్ళకు అంతుబట్టలేదు.

"పేర్లు చెప్పవేందమ్మా?" అన్నాడు వామన్‌రావు.

"ఏమో అన్నా, అందరు ఒక్కసారే వచ్చిన్రు. ఎవలెవలో తెలుస్తలేదు!"

ఆ రోజు వాళ్ళ కాళ్ళు నేల మీద లేవు. క్యామెల్స్ బ్యాక్ రోడ్డు చుట్టి, ఒంటె మూపురంలా ఉంటుందనే బండను చూశారు. ఒంటె కాదు, అచ్చం తన బావమరిదేనని వామన్‌రావు వాదించాడు. "మా తమ్ముణ్ణంటరా!" అని సౌభాగ్య ఆయన్ను రోడ్డు పొడుగునా తరిమింది. పక్కనే ఉన్న లాండోర్ గడియార స్తంభం దాకా ఆయాసపడుతూ ఎక్కి, వేడి వేడి బన్నులు తిన్నారు. ఫ్లోరా దేవప్రసాద్‌కు ఫోన్ చేసి, "వింటున్నరా? ఉన్నదండీ! నేను చెప్పినట్టే ఉన్నది!" అని అరిచింది. అవతల షాపులో ఎవరి కళ్ళకో అద్దాలు పెడుతున్న ఆయన, "ఔ, నాక్కూడ ఇనొస్తుంది, ఈ సార్‌కు గూడ ఇనొస్తుంది" అన్నాడు.

ఆ తర్వాత ఫ్లోరా ఇంకో రెండుసార్లు వెళ్ళొచ్చింది. ఒకసారి ఉన్నన్నాళ్ళూ వాన, మంచు కొండ మచ్చుకైనా కనపడలేదు. గుంపంతా గొడుగులు కొనుక్కుని మాల్ రోడ్డంతా పాటలు పాడుతూ తిరిగారు. జితేందర్ ఇప్పుడు షిర్డీ బస్సులు చూసుకుంటున్నాడు. మొన్న వామన్‌రావు స్వయంగా అబిడ్స్ ఆఫీసు మెట్లెక్కి వచ్చాడు, ఈసారి బావమరిదిని కూడా తీసుకెళ్తాడట.