వెనక్కి ఎక్కిన ఘాటీ

పందొమ్మిదివందల ఇరవైల్లో ఒక జమీందారు గారి అబ్బాయి స్పోర్ట్స్ కారుకు నేను డ్రైవర్ని. పాడేరు ఘాటీలో పెద్ద మలుపు దగ్గర ఇంజన్ ఆగిపోయింది. ప్లగ్గులు తుడిచాను, కార్బురేటర్ విప్పి ఊదాను. స్టార్టయ్యేది, ఎత్తు ఎక్కబోతే చచ్చేది. వెట్టికి పట్టుకొచ్చిన కొండవాళ్లు తోసి తోసి అలిసిపోయారు.

ఇక దిగిపోదామని కారును పల్లం వైపు తిప్పించాను. ఇంజన్ వెంటనే అందుకుంది.

"చూశావట్రా? ఇందాకా వీళ్లు సరిగా తొయ్యలేదు!" అంటూ బాబుగారు పక్కనున్న ముసలాయన్ని కొరడాతో వీపు చిట్లేలా బాదారు.

"తోసినాం గదా బాబూ, కొడతావేటి?" అన్నాడాయన. రెండో దెబ్బ పడేలోగా కొరడా లాక్కుని బాబుగారి ముఖం మీద ఒక్కటిచ్చాడు. చెంప చీలి నెత్తురు కారింది. పల్లం దారికి అడ్డంగా కొండవాళ్ల గొడ్డళ్లు లేచాయి.

"పోనీరా!" అని అరుస్తూ బాబుగారు కార్లోకి దూకారు. ముందుకు దారేదీ? రివర్స్ గేరు వేశాను. చచ్చిన ఇంజన్ ఒక్క దగ్గు కూడా దగ్గకుండా ఘాటీ మొత్తం వెనక్కే ఎక్కేసింది! రోగం అప్పుడర్థమైంది. ముందుకు ఎక్కితే సీటు కింది టాంకీ ఇంజన్ కన్నా పల్లమై, దానంతటది పారి రావలసిన పెట్రోలు అందడం లేదు, అంతే. దానికి ఆ ముసలాయన వీపు చిట్లింది.

ఆ తర్వాత ఎప్పుడెళ్లినా ఆ ఘాటీ వెనక్కే ఎక్కేవాళ్లం. నేను మెడ తిప్పి పైకి చూస్తూ నడిపేవాణ్ని. బాబుగారి ముఖం మాత్రం ఆ మలుపుకే ఎదురుగా ఉండేది. అది కనుమరుగయ్యేదాకా చెంప మీది మచ్చ మీంచి ఆయన చెయ్యి తీసేవారు కాదు.