ఎడమ చెంప

ఫోటోగ్రాఫర్ల సంఘంలో ఆయన్ని పేరు పెట్టి పిలవడం ఎప్పుడో మానేశారు. అందరికీ ఆయన టచింగ్ మాస్టారు. రీలు కెమెరాల కాలంలో సన్నగా చెక్కిన పెన్సిలుతో నెగటివ్ మీదే మొటిమలు, ముడతలు మాయం చేసేవాడు. కంప్యూటర్లొచ్చాక ఆయన ఈడువాళ్ళంతా "మనవల్ల కాదు బాబూ" అని చేతులెత్తేస్తే, ఈయన మాత్రం కుర్రాళ్ళ పక్కన బెంచీ మీద కూర్చుని మౌసు పట్టడం నేర్చుకున్నాడు. కొన్నాళ్ళకి ఆ కుర్రాళ్ళకే పాఠాలు చెప్పాడు.

సంఘం నెలనెలా వేసే పత్రిక కూడా ఆయన చేతిమీదే నడిచేది. పత్రికంటే పెద్దదేం కాదు, రెండువైపులా అచ్చేసిన ఒక కాగితం. ముందువైపు వార్తలు: ఎవరికి బహుమతి వచ్చింది, ఎవరు కొత్త స్టూడియో తెరిచారు, ఎవరు పోయారు. వెనకవైపు శిక్షణ తరగతులు. లైటింగుకీ, ఆల్బం డిజైనుకీ చివరిరోజు దాకా ఖాళీలుండేవి. మాస్టారి 'చర్మం సవరింపు' క్లాసు మాత్రం కాగితం చేతికందిన పూటే నిండిపోయేది.

"చేసిన పని కనబడకూడదు. కనబడిందంటే చెడగొట్టామన్నమాటే" అనేవాడు క్లాసులో. ఇంకో మాట బోర్డు మీద రాసి, రెండు గీతలు గీసి మరీ చెప్పేవాడు. "అసలు ఫైలు ముట్టుకోకండి. కాపీ తీసుకుని దానిమీద ఎంతైనా ఆడుకోండి. అసలు పోతే దేవుడు కూడా తిరిగి తేలేడు."

చెప్పేటందుకే నీతులు. ఒక్క మనిషి విషయంలో ఆయన ఆ సూత్రాన్ని కావాలనే తప్పాడు. ఆ మనిషి ఆయన ఒక్కగానొక్క కూతురు.

ఆ పిల్లకి పుట్టుకతోనే ఎడమ చెంప మీద, కంటి కింద నుంచి దవడ దాకా, ముదురెరుపు మచ్చ ఉండేది. దానివల్ల నొప్పీ లేదు, ప్రమాదమూ లేదు. కాకిపిల్ల కాకికి ముద్దంటారు. ఈ కాకికీ ముద్దే, పిల్లంటే ప్రాణమే, కానీ ఊరుకోలేక పిల్లకి రంగు మార్చింది. పసితనంలో ఫోటో తీసినప్పుడల్లా ఆ చెంప గోడవైపు ఉండేలా కూర్చోబెట్టేవాడు. డిజిటల్ వచ్చాక ఆ అవసరం కూడా లేకపోయింది. ఎటు తిరిగినా తీసి, మచ్చ చెరిపేసి, అసలు ఫైలు మీదే సేవ్ చేసేవాడు. పొరపాటున పాతది ఎవరి కంటైనా పడితే పిల్లని చూసి నవ్వుతారని ఆయన భయం. నవ్వేవాళ్ళు బయట రోడ్డు మీద పిల్లనే చూస్తున్నారు కదా అన్న సంగతి మాత్రం అంత తెలివైన మనిషికీ తట్టలేదు.

కాలేజీలో చేరిన కొత్తల్లో గుర్తింపు కార్డు చూసి గేటు దగ్గర కాపలావాడు ఆపేశాడు. ఇంటికొచ్చి నవ్వుతూనే చెప్పింది.

"నాన్నా, ఈ కార్డులో ఉన్నది నేను కాదట. నన్ను లోపలికి రానివ్వలేదు."

"వాడికి కళ్ళు లేవమ్మా" అన్నాడు ఆయన.

"కళ్ళున్నాయి కాబట్టే ఆపాడు నాన్నా" అంది. ఆ మాటకి ఆయన కూడా నవ్వేశాడు. సంగతి అంతటితో అయిపోయిందనుకున్నాడు.

చదువయ్యాక ఒక ల్యాబులో ఉద్యోగం చేస్తూనే, సెలవు రోజుల్లో తండ్రి వెంట సంఘం తరగతులకి వచ్చేది. గుమ్మం దగ్గర బల్ల వేసుకుని, వచ్చినవాళ్ళ పేర్లు రాసుకుని, టీలు అందేలా చూసేది. సంఘంలో ఆ పిల్లంటే గిట్టనివాళ్ళు లేరు. ఒకసారి లైటింగ్ క్లాసుకి మోడల్ రాలేదు. "నేను కూర్చుంటాను నాన్నా" అని లేచింది. "నీకెందుకమ్మా, నువ్వు బల్ల దగ్గర చూసుకో" అని, ఆయన బట్టతల కోశాధికారిని కుర్చీలో కూర్చోబెట్టాడు. లైటు ఎక్కడ పెట్టినా ఆ గుండు మీదే మెరుస్తోందని హాలంతా ఘొల్లుమంది. ఆ పిల్ల కూడా నవ్వి, బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

అలాంటి పిల్ల ఇరవై ఆరేళ్ళకి, వారం తిరక్కుండా, జ్వరంతో పోయింది. ఏ కాగితం ముందువైపు మాస్టారు అందరి చావులూ రాశాడో అదే కాగితం మీద కూతురి చావు రాయాల్సి వస్తే ఆయన చేతులాడలేదు. కార్యదర్శి రాశాడు. పక్కన వేసిన ఫోటో మాస్టారు ఇచ్చిందే. నున్నటి చెంపలు.

ఆ కాగితం చూసి భార్య మడిచి పక్కన పెట్టేసింది. కొన్నాళ్ళు పోయాక, భోజనం చేస్తుండగా అడిగింది.

"ఏమండీ, దాని మొహం ఉన్న ఫోటో ఒకటి ఇవ్వండి."

"ఇంట్లో అన్నీ దానివేగా."

"దాని మొహం ఉన్నది" అంది ఆవిడ మళ్ళీ.

అప్పుడర్థమైంది ఆయనకి. చెయ్యి కడుక్కుని వెళ్ళి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. డిస్కులన్నీ వెతికాడు. ఎవరికీ దొరక్కూడదని తనే అంత జాగ్రత్తగా చెరిపినవి తనకి మాత్రం ఎలా దొరుకుతాయి? కూతురి ఫోను తెరిస్తే అందులో స్నేహితులున్నారు, పిల్లులున్నాయి, వానలో తడిసిన రోడ్డుంది. తను లేదు. తనని తాను తీసుకోవడం ఆ పిల్ల ఎప్పుడో మానేసింది. స్నేహితురాళ్ళ దగ్గర ఒకటి రెండుంటే, వాళ్ళ ఫోన్లు వాటంతట అవే చర్మం నునుపు చేసి, మచ్చని ఎండకి కందినట్టు చేసి పెట్టాయి. ఆధార్ కార్డు మీదది మొహమే పోల్చలేనంత మసక. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది ఆయన పని.

చివరికి సంఘం గుర్తొచ్చింది. ఎన్ని తరగతులు, ఎన్ని కెమెరాలు! టీ గ్లాసుని కూడా నాలుగు వైపుల నుంచి తీసే జాతి అది. గుమ్మంలో కూర్చున్న పిల్లని తియ్యకుండా ఉంటారా? ఆ నెల కాగితంలో వార్తల కింద రెండు వాక్యాలు రాశాడు: "మా అమ్మాయి ఫోటోలు మీ దగ్గరుంటే దయచేసి పంపండి. వాళ్ళమ్మ చూసుకోవాలంటోంది." ఎలాంటివి కావాలో రాయడానికి మాత్రం సిగ్గుపడ్డాడు.

ఫోటోలు వరదలా వచ్చాయి. భార్యని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటీ తెరిచాడు. బల్ల దగ్గర వంగి పేర్లు రాస్తోంది. చెంప శుభ్రంగా ఉంది. ఎవరితోనో నవ్వుతోంది. శుభ్రంగా ఉంది. టీ పళ్ళెం పట్టుకుని కెమెరాకేసి సూటిగా చూస్తోంది, కిటికీ వెలుగంతా ఎడమవైపే పడుతోంది. శుభ్రంగా ఉంది. ఏది ఎవరు చేశారో కూడా ఆయన పోల్చుకోగలిగాడు. అందరూ ఆయన శిష్యులే. పని ఎక్కడా కనబడటం లేదు.

టీ పళ్ళెం ఫోటో పంపినమ్మాయికి ఫోన్ చేశాడు. రెండేళ్ళ కిందట ఆయన దగ్గర నేర్చుకుని సొంతంగా స్టూడియో పెట్టుకుంది.

"మాస్టారూ, బాగా వచ్చిందా? తీసిన రోజే రాత్రిదాకా కూర్చుని చేశాను."

"బాగా వచ్చిందమ్మా. దాని అసలు ఫైలు ఉందా?"

"లేదండీ. అక్కది తీసినప్పుడల్లా అప్పటికప్పుడే సరిచేసేసేవాళ్ళం. మాస్టారికి అది అలా కనబడితే బాధపడతారు, అసలుది ఉంచొద్దని మేమంతా అనుకున్నాం. అందరం అంతే చేశాం మాస్టారూ. ఏమైనా తప్పయిందా?"

"లేదమ్మా. మీదేం తప్పు లేదు" అన్నాడు. మిగిలినవాళ్ళకి ఫోన్ చేసే ధైర్యం ఆయనకి లేకపోయింది. ఒక తండ్రి సిగ్గుని ఇంతమంది ఇంత ప్రేమగా దాచిపెట్టారు. ఆ ప్రేమలో ఆ పిల్ల మొహం పోయింది.

మర్నాడు పొద్దున్నే ఆ టీ పళ్ళెం ఫోటో తెరిచి, రంగు కలిపి, మచ్చ తిరిగి వేయడం మొదలుపెట్టాడు. కంటి కింద నుంచి మొదలైంది, అది గుర్తుంది. దవడ దగ్గర ఎలా ఆగేది? అంచు నున్నగా ఉండేదా, చీలికలుగానా? చెరిపినన్నాళ్ళూ దాన్ని పోగొట్టాలని చూశాడు గానీ, దాన్ని చూడలేదు. భార్యని పిలిచాడు.

"ఇంకాస్త కిందికండీ" అంది ఆవిడ. "చెవి వైపు ఇంత లేదు. నవ్వితే ఇక్కడ రెండుగా విడిపోయేది." ఆయన గీశాడు, చెరిపాడు, మళ్ళీ గీశాడు. వంటింట్లో పొయ్యి మీద పెట్టింది మాడిపోతున్నా ఆవిడ కదల్లేదు. చాలాసేపటికి ఆయన చేతి మీద చెయ్యి వేసింది.

"వద్దు లెండి. ఇది మీరు వేసిందే. దానిది కాదు."

ఆయనకి ఏడుపొచ్చింది. "దానికి బాధ లేకుండా చేద్దామనుకున్నానే" అన్నాడు.

"మచ్చ ఉందని అది ఏనాడూ ఏడవలేదండీ. మీరు చెరిపి తెచ్చిన ఫోటో చూసినప్పుడల్లా ఏడ్చేది."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబుతానంటే వద్దంది. నాన్న ఎంత ఇష్టంగా చేస్తాడో చూడమ్మా, చెబితే తట్టుకోలేడు అంది" అని ఆవిడ లేచి, మాడిన గిన్నె దించడానికి వంటింట్లోకి వెళ్ళిపోయింది.