దుప్పటి కప్పిన గంజు

మా మేస్త్రి పోయాడని మొన్న పొద్దున ఫోనొచ్చింది. ఏడవాల్సింది పోయి నాకు ముందు కోపమొచ్చింది. గంజులో, అదే పెద్ద గిన్నెలో, నేను కాచింది సరిగ్గా తెర్లిందో లేదో, అంటే కుతకుత మరిగిందో లేదో, ఆ మనిషి ఏళ్ల తరబడి చెప్పలేదు. చెప్పకుండానే పోయాడు. పెద్దమనిషి చేసే పనేనా ఇది?

తెలియనివాళ్లకు మొదటినుంచి చెబుతాను. దుబాయ్‌లో పనులు తగ్గి, అల్ ఖూజ్‌లో మా క్యాంపు సగం ఖాళీ అయిన రోజులవి. మా గదిలో ముగ్గురమే మిగిలాం. మేస్త్రి చెక్కపని చేయించేవాడు. నేను ఏసీ డక్టులకు, అంటే చల్లగాలి గొట్టాలకు, వెండిరేకు దుప్పటి చుట్టేవాణ్ణి. మూడోవాడు మెస్సులో వంటాయన.

బీరు కాయడం మేస్త్రి పెట్టిన కాలక్షేపం. మేకల దాణాకని అమ్మే బార్లీ తెచ్చి, తడి గోనెలో మొలకెత్తించి, ఎండబెట్టి, దంచి, వేడినీళ్లలో నానబెట్టి లుంగీలో వడకట్టేవాడు. ఆ తీపి నీళ్లు గంజులో పోసి, చేదుకు వేపాకు వేసి కాయాలి. దొరికితే జైలు, ఆపైన ఇంటికి విమానం. తెలిసే చేశాం. గొప్ప పనని నేననను. ఎవరికీ ఏమీ కాకుండా బయటపడ్డాం, అది చాలు.

అసలు తిప్పలంతా కాయడంలోనే. ఉన్నది ఒక్క కరెంటు పొయ్యి, దాని వేడి అంత గంజుకు చాలేది కాదు. అంచున సన్న బుడగలు వచ్చేవి, అంతే. అలా కాచిన బీరుకు ఉడికిన క్యాబేజీ వాసన. "సగం ఉడికింది, సగం చెప్పింది, రెండూ అరుగయి" అనేవాడు మేస్త్రి. చాయ్ కూడా మూడుసార్లు పొంగితే తప్ప గ్లాసులో పోయనిచ్చేవాడు కాదు. నాకు జ్వరమొస్తే మాత్రం అదే చాయ్ చల్లార్చి తాగించాడు.

నా వంతు వచ్చిన శుక్రవారం, నురగ అంచుదాకా లేచింది.

"సూడన్నా, తెర్లింది" అన్నాను.

"పొంగింది. పొంగుడు వేరు, తెర్లుడు వేరు తమ్మీ. నురుగు వోయినంక గూడ అడుగుది మీదికి, మీదిది అడుగుకు తిరుగాలె. నీది అలిగి కూసున్నది."

"ఖలాస్" అన్నాడు వంటాయన. "గీయినకు చాయ్ గూడ మసలది."

మూత పెడితే త్వరగా మరుగుతుందని పెట్టబోయాను. మేస్త్రి నా చేతి మీద గరిటెతో కొట్టాడు.

"మూత వెడితె పాడు వాసన ఎటు వోతది? మల్ల అండ్లనే వడ్తది!"

నాకు తిక్క రేగింది. లేచి పోయి డక్టు దుప్పటి ముక్కలు తెచ్చాను. చల్లదనాన్ని బయటికి పోనివ్వని దుప్పటి వేడిని మాత్రం పోనిస్తుందా? పొయ్యికి తగలకుండా గంజు పక్కలకు చుట్టి తీగతో బిగించాను.

"ఓరి, దుబాయ్ ఎండల గంజుకు స్వెటర్ తొడిగినవా?" అన్నాడు మేస్త్రి.

"సలిజరం వచ్చినట్టున్నది మేస్త్రీ, గోలి గూడ ఎయ్యమను" అన్నాడు వంటాయన.

కాసేపటికి నురగ పోయింది. వేపాకు గిర్రున అడుగుకు పోతోంది, పైకి వస్తోంది, మళ్లీ అడుగుకు పోతోంది. మేస్త్రి గంజులోకి చూశాడు. నా వైపు చూశాడు. పోయి పడుకున్నాడు.

ఆ బీరు పులిసేలోపే నా వీసా అయిపోయి ఇంటికొచ్చేశాను. వాళ్లిద్దరూ తాగారు. ఫోను చేసి "ఎట్లుండె అన్నా?" అంటే "మీ దిక్కు వానలు వడ్డయా?" అనేవాడు మేస్త్రి. వంటాయనను అడిగితే "మేస్త్రినే అడుగు" అనేవాడు.

నిన్న మేస్త్రి ఇంటికి పోయాను. పెరట్లో కరెంటు పొయ్యి మీద స్నానాలకు నీళ్లు కాగుతున్నాయి. గంజు చుట్టూ వెండిరేకు దుప్పటి. తీగ ముడి కూడా నాదే, మెలి తిప్పి లోపలికి మడిచింది.

మేస్త్రి భార్య కళ్లు తుడుచుకుని నావైపు చూసింది.

"ఏందట్ల జూస్తున్నవు? నీ దగ్గర నేర్సిందేనట గద. దుబాయ్‌కెంచి బంగారం తెస్తడనుకుంటె గీ దుప్పటి తెచ్చిండు. గంజును తెర్లిచ్చినోడు మా గదిల ఒక్కడే అని ఊరందరికి జెప్పిండు. నీకు జెప్పలేదా?"

"లేదు వదినే."

అక్కడే అరుగు మీద కూలబడ్డాను. ఇన్నేళ్ల కోపం ఎటు పోయిందో నాకే తెలియలేదు. కడుపునిండా ఏడ్చి, ఆ గంజులోని వేడినీళ్లు చన్నీళ్లతో కలిపి ముఖం కడుక్కున్నాను. చాలా తేలికైంది.

కానీ తెర్లడం వేరు, రుచి వేరు. తాగిన ఇద్దరిలో ఒకడు పోయాడు. రెండోవాడు ఇప్పుడు మెట్‌పల్లిలో కర్రీ పాయింట్ నడుపుతున్నాడు. ఓ వంటాయనా, నువ్వు చదవకపోయినా ఎవరో ఒకరు నీకు చదివి వినిపిస్తారు. సగం చెప్పింది అరగదు. వచ్చే ఆదివారం మేస్త్రి దశదినకర్మ. పెరట్లో ఆ గంజు పొయ్యి మీద ఉంటుంది, మూత ఉండదు. పక్కనే నేనుంటాను. నా బీరులో క్యాబేజీ వాసన ఉండెనా, లేదా? ఆదివారం నీళ్లు తెర్లేలోపు వచ్చి నా ముఖం మీద చెప్పు.