వంపు తీసిన జాహెదా

మా ఊరిని ఇప్పుడు చూసినవాళ్ళు, పదేళ్ళ కిందటి ఊరు ఇదేనంటే నమ్మరు. నకరికల్లు వైపు మిరప చేలన్నీ ప్లాట్లయ్యాయి. బస్టాండు వెనక ముళ్ళకంపలు ఉండే చోట ఆస్పత్రులు లేచాయి. పల్నాడు వేరే జిల్లా అయ్యాక ఊరికి ఇంకా ఊపు వచ్చింది. ఈ పెరుగుదలలో బాగుపడ్డవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళ గొప్ప వాళ్ళే చెప్పుకుంటున్నారు. నేను చెప్పేది జాహెదా సంగతి.

జాహెదా భర్త మౌలాలీ లారీలకు బాడీలు కట్టేవాడు. కంపెనీ నుంచి లారీ ఒట్టి చట్రంగా వస్తుంది. దాని మీద చెక్కా ఇనుమూ కలిపి తొట్టి కట్టి, రంగులు వేసి రోడ్డెక్కించడం బాడీ షెడ్డు పని. ఊరి చివర డొంక పక్కన, పోరంబోకు స్థలంలో ఆ షెడ్లు వరసగా ఉండేవి. మొదటిది మౌలాలీది. వాళ్ళ నాన్న వేసిన రేకులే. ఒక మూల కుట్టుమిషను పెట్టుకుని జాహెదా డ్రైవరు సీట్లకు రెగ్జిన్ కుట్టేది. కొత్తగా కాపురానికొచ్చినప్పుడు సుత్తి మోతకు తల పగిలిపోయేదనీ, తర్వాత్తర్వాత ఆదివారం పూట ఆ మోత వినపడకపోతే ఇల్లు బోసిగా ఉండేదనీ చెప్పి నవ్వేది.

షెడ్ల ఎదుట, డొంక అవతల, నాగేశ్వరరావు కట్టించిన కల్యాణ మండపం ఉండేది. పొలాలున్న ఆసామి, అప్పట్లో మున్సిపాలిటీకి వైస్ చైర్మన్. భార్య మల్లీశ్వరి పేరే మండపానికి పెట్టాడు. ఊరి పాత మాస్టర్ ప్లానులో హైవేనీ మాచర్ల రోడ్డునీ కలుపుతూ ఒక వెడల్పాటి రోడ్డు ఉంది. ఆ ప్లాను గీసేనాటికి మండపం లేదు. రోడ్డు గీత సరిగ్గా అది లేచిన చోటు మీదుగానే పోయింది. తీరా రోడ్డు వేసే సమయానికి ఆ గీత మండపం దాకా తిన్నగా వచ్చి, అక్కడ పక్కకు ఒరిగి, షెడ్ల మీదుగా తిరిగి, మళ్ళీ తన దారిన పడింది. ఎవరు ఒరగబెట్టారో ఊళ్ళో అందరికీ తెలుసు. నోరు విప్పినవాళ్ళు లేరు.

షెడ్లు కూల్చడానికి జేసీబీ వచ్చిన పొద్దున మౌలాలీ షెడ్డులో వెల్దుర్తి వాళ్ళ లారీ ఒకటి ఉంది. తొట్టి కట్టడం అయిపోయింది, పక్క చెక్కల మీద చిలకలు కూడా వేసేశాడు. రంగు కోసం విప్పిన చక్రాలు మాత్రం ఇంకా బిగించలేదు. నాగేశ్వరరావు కారు అద్దం దించుకుని చూస్తున్నాడు. మౌలాలీ దగ్గరికెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"బాబాయ్, లోపల లారీ ఉంది. సాయంత్రం దాకా ఆగమని చెప్పు. చక్రాలేసి బయటికి లాగించుకుంటా. ఆనక నేనే రేకులు విప్పుకుంటా."

"ఊరు పెరగాలంటే ఎవరో ఒకరు జరగాలి గదరా మౌలాలీ," అన్నాడు నాగేశ్వరరావు. అని, పక్క సీట్లో మనిషి వైపు తిరిగి నవ్వాడు. "వీళ్ళని జరిపితే అడిగేవాడెవడున్నాడులే."

అప్పటికే షెడ్డు వైపు తిరిగిన మౌలాలీ ఆ రెండో మాట వినలేదు. వెనకే వచ్చిన జాహెదా విన్నది.

దూలం విరిగి కొత్త తొట్టి మీద పడింది. చిలకల చెక్కలు నడిమికి చీలిపోయాయి. జాహెదా మిషను రేకుల కింద ఉండిపోయింది. పోరంబోకు స్థలం కాబట్టి ప్రత్యామ్నాయం చూపించే బాధ్యత తమకు లేదని ఆఫీసులో చెప్పారు. మౌలాలీ కొన్నాళ్ళు నరసరావుపేటలో ఇంకొకరి షెడ్డులో పనిచేశాడు. తన కింద పని నేర్చుకున్నవాడే మేస్త్రీగా ఉన్న చోట ఇమడలేక తిరిగొచ్చి, మిర్చి కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర వాచ్‌మన్‌గా కుదిరాడు. స్వతహాగా మెత్తటి మనిషి. జరిగిందేదో జరిగిందనుకున్నాడు.

జాహెదా అనుకోలేదు. కూరగాయలకు వెళ్ళినా, దర్గాకు వెళ్ళినా షెడ్ల చోట కొత్త రోడ్డు తీసుకున్న ఆ వంపు మీదుగానే నడిచేది. మండపంలో పెళ్ళి బాజా మోగితే ఆమెకు ఒళ్ళు మండేది. అది కూలిపోవాలని శపించడంతో ఆమెకు తృప్తి లేదు. అది కూలడం కళ్ళారా చూడాలి, తన చేతి మీదుగా జరగాలి. ఆ కోరికను అన్నం వండుకున్నంత మామూలుగా రోజూ వండుకుంది.

మున్సిపల్ ఎన్నికలు వచ్చి ఆ వార్డు ఆడవాళ్ళకు కేటాయించగానే నాగేశ్వరరావు భార్యను నిలబెట్టాడు. జాహెదా ఏ పార్టీ లేకుండా నామినేషన్ వేసింది. అందరూ నవ్వారు. నవ్వనిది గ్రేసమ్మ ఒక్కతే. మండపం వెనక చిన్న ఇంట్లో ఉంటూ, వాకిట్లోనే ఇడ్లీలు వేసి అమ్ముకునే గ్రేసమ్మ. షెడ్లు ఉన్నన్నాళ్ళూ మేస్త్రీలందరికీ పొద్దుటి టిఫిను ఆమెదే. "పదవే జాహెదా, ఇంటింటికీ నే వస్తా" అని కొంగు బిగించి బయల్దేరింది. ఆమె ప్రార్థన చేసుకునే చర్చి వాళ్ళు, పాత షెడ్ల కుటుంబాలు, నాగేశ్వరరావు మీద కడుపులో మంట ఉండీ బయటపడనివాళ్ళు అందరూ కలిసొచ్చారు. జాహెదా గెలిచింది. కౌన్సిల్లో రెండు పార్టీలకూ బలం సరిసమానంగా వచ్చింది. ఎటూ చెందని జాహెదా చెయ్యి ఎటు లేస్తే అటు తీర్మానం అన్నట్టయింది.

కొత్త మాస్టర్ ప్లాను అప్పుడే మొదలైంది. మున్సిపల్ ఆఫీసు ఆవరణలో షామియానా వేసి, పెద్ద మ్యాపు కట్టి, జనాన్ని పిలిచారు. ప్లానింగ్ ఆఫీసరు సంజన, కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్ల, ఓపిగ్గా అన్నీ వివరించింది. ఇరవై ఏళ్ళకు ఊరు ఇంతకింత అవుతుంది. మంచినీళ్ళ ట్యాంకులు ఎక్కడ కట్టాలి, వాన నీరు ఏ వాగులోకి పోవాలి, కూరగాయల మార్కెట్టు ఎటు జరపాలి, లారీలకు వేరే యార్డు ఎక్కడ ఇవ్వాలి. అందరూ తమ తమ స్థలాలు ఏ రంగులో ఉన్నాయో వెతుక్కుంటున్నారు. జాహెదా లేచి ఒకటే అడిగింది.

"మేడం, ఆ వంపు ఉంటదా, పోతదా?"

అప్పటికే అక్కడ రాళ్ళ లారీ ఒకటి బోల్తా పడి ఇద్దరికి కాళ్ళు విరిగాయి. సంజన దాచలేదు. "రెండు దారులున్నాయమ్మా. రోడ్డును పాత గీత ప్రకారం తిన్నగా చేస్తే మండపం పోతుంది, దాని వెనక ఇళ్ళు కొన్ని పోతాయి. లేదంటే ఎదురుగా మున్సిపాలిటీ ఖాళీ స్థలం ఉంది కదా, అందులో సర్కిల్ వేస్తే లారీలు మెల్లగా తిరుగుతాయి. ఎవరి ఇల్లూ పోదు. ఇప్పటికి అది చాలు. ముందు ముందు మాత్రం తిన్నటి రోడ్డే మేలు. ఏది కావాలో కౌన్సిల్ తేల్చాలి."

మండపం వెనక ఇళ్ళంటే మొదటిది గ్రేసమ్మదే.

ఆ సాయంత్రమే గ్రేసమ్మ వచ్చింది. "ఏమే, నా ఇంటి మీదుగా గీత పోతందంట గదా?"

"ఇంకా ఏం తేల్లేదక్కా."

"తేల్చేది నువ్వేనంట గదే. అదేందో సర్కిలంట, అది ఏయించు. నాకా ఇల్లు తప్ప ఏముంది?"

జాహెదా ఆమె చెయ్యి పట్టుకుని "చూస్తాలే అక్కా" అంది. నిజంగానే ఊగిసలాడింది. నాలుగు రోజులు సరిగ్గా అన్నం తినలేదని మౌలాలీ చెప్పాడు.

కౌన్సిల్ సమావేశం దగ్గరపడ్డాక నాగేశ్వరరావే ఆమె ఇంటికొచ్చాడు. ఆ గడప తొక్కడం అదే మొదలు. మౌలాలీ కంగారుగా కుర్చీ తుడిచి వేశాడు. నాగేశ్వరరావు వయసు మీద పడి తగ్గాడు, మాటలో మెత్తదనం వచ్చింది.

"చూడమ్మా జాహెదా, సర్కిల్‌కి నువ్వు చెయ్యెత్తు. దానికి బదులు లారీ యార్డు మన వార్డులోనే పెట్టేట్టు మా వాళ్ళందరి చేతా ఒప్పిస్తా. బాడీ షెడ్లకు అందులో పక్కా స్థలాలు. మొదటిది మౌలాలీకే. ఊరికీ మంచిది, మీకూ మంచిది."

మౌలాలీ కళ్ళు తళుక్కుమన్నాయి. ఆ వెలుగు జాహెదా చూసింది. ఎన్నేళ్ళకో చూసింది. అయినా ఆమె అడగాలనుకున్నది వేరే ఉంది.

"షెడ్లు కూల్చిన రోజు కారులో కూచుని ఏమన్నావో గుర్తుందా?"

నాగేశ్వరరావు నుదురు చిట్లించాడు. నటించలేదు, నిజంగానే వెతుక్కున్నాడు. "ఏమన్నా? అయ్యన్నీ ఇప్పుడెందుకులేమ్మా. ఎన్ని కూల్చలా, ఎన్ని కట్టలా. ఏది గుర్తుంటదీ?"

గుర్తుందని తలొంచుకుని ఉంటే ఆమె ఏం చేసేదో ఆమెకే తెలియదు. అతనికి తనన్న మాటే గుర్తులేదు. ఇన్నేళ్ళూ ఆ ఒక్క మాట మీద ఆమె బతికింది, అన్నవాడికి అది దారిలో ఉమ్మిన ఉమ్ముతో సమానం. జాహెదా లేచి తలుపు బార్లా తెరిచింది.

"పోయిరండి. కౌన్సిల్లో కలుద్దాం."

సమావేశంలో సంజన రెండు దారులూ మళ్ళీ చదివింది. సర్కిల్‌కి ఎంతమంది అని చైర్మన్ అడిగితే సగం చేతులు లేచాయి. తిన్నటి రోడ్డుకు అంటే మిగతా సగం లేచాయి. అందరూ జాహెదా వైపు తిరిగారు. ఆమె కూర్చునే చెయ్యెత్తొచ్చు. లేచి నిలబడి ఎత్తింది. నాగేశ్వరరావు కౌన్సిలరు కాడు కాబట్టి బయట వరండాలో ఉన్నాడు. అతనికి కనిపించేలా కిటికీ వైపు తిరిగి ఎత్తింది. ప్రమాదాలు తగ్గుతాయి, భవిష్యత్తు అవసరాలు తీరుతాయి అని తీర్మానంలో రాశారు. ఆమె చెయ్యి ఎందుకు లేచిందో ఆ హాల్లో తెలియనివాళ్ళు లేరు.

పై అనుమతులు, కోర్టులో స్టే, అది కొట్టేయడం అన్నీ అయ్యాక కూల్చివేతకు తేదీ పడింది. జాహెదా పండక్కి కట్టే చీర కట్టుకుంది. ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెచ్చుకుని, ఒకప్పుడు తమ షెడ్డు వాకిలి ఉన్న చోట రోడ్డు వారన వేసుకుని కూర్చుంది. తను అనుకున్నది మండపం కూలడం చూద్దామని. కానీ పని రెండో చివర నుంచి మొదలుపెట్టారు. జేసీబీ ముందుగా వెళ్ళింది గ్రేసమ్మ ఇంటి మీదికి. పొయ్యి గోడ ఒక్క పోటుకే ఒరిగింది. మసి పట్టిన లోపలి గోడ ఎండలో బట్టబయలైంది. గ్రేసమ్మ ఇడ్లీ పాత్ర చంకన పెట్టుకుని జాహెదా వైపే చూస్తూ నిలబడింది. జాహెదా చూపు తిప్పుకోలేదు. కుర్చీలోంచి లేవనూ లేదు.

మండపం వంతు మధ్యాహ్నానికి వచ్చింది. వంటశాల, భోజనాల హాలు, ఆ తర్వాత మల్లీశ్వరి పేరున్న ముందు గోడ. నాగేశ్వరరావు అక్కడక్కడే తిరిగాడు, ఎవరికో ఫోన్లు చేశాడు, చివరికి ఇసక కుప్ప మీద కూలబడ్డాడు. దుమ్ము పట్టిన మొహంతో తలెత్తి ఎదురుగా కుర్చీలో ఉన్న మనిషిని చూశాడు. అప్పుడు జాహెదా లేచి రోడ్డు దాటి అతని ముందు నిలబడింది.

"వీళ్ళని జరిపితే అడిగేవాడెవడున్నాడు అన్నావు. అదీ నువ్వన్న మాట. గుర్తు పెట్టుకో."

జాహెదా ఇంటికెళ్ళి చెయ్యి కడుక్కుని కడుపు నిండా అన్నం తిన్నది. ఆ తిండి రుచి ఇప్పటికీ నాలుక మీద ఉందని చెబుతుంది, సిగ్గు పడకుండా.

మౌలాలీ మాత్రం ఆ రోజు పళ్ళెం ముందు నుంచి లేచిపోయాడు. "ఏమే, నాకు మళ్ళీ షెడ్డుంటే బాగుండునని చానాసార్లు అన్నా. ఆయన మండపం కూలాలని ఎప్పుడన్నా అన్నానా?"

"నువ్వు అనలా. నేనన్నా."

"నాకోసం చేశానని మాత్రం ఎవరితో చెప్పమాక."

ఆ మాట ఆమె పాటించింది. ఎవరడిగినా మొగుడి కోసమని చెప్పదు. తనకోసమే అంటుంది.

లారీ యార్డు ప్లాను రెండో దశలోకి వాయిదా పడింది. ప్రతి సమావేశంలోనూ జాహెదా దాన్ని లేవనెత్తుతుంది. ఓటింగు దాకా రాకుండానే నాగేశ్వరరావు మనుషులు పక్కన పెట్టిస్తారు. వంపు పోయాక అక్కడ లారీ బోల్తా పడలేదు. గ్రేసమ్మకు ఇంటి స్థలం కోసం జాహెదా ఎమ్మార్వో ఆఫీసు గుమ్మం విడవకుండా తిరిగి, కొత్త కాలనీలో పట్టా ఇప్పించింది. గ్రేసమ్మ పట్టా తీసుకుంది. రేకుల ఇల్లు వేసుకుని, పాలు పొంగించిన రోజు వార్డంతటినీ పిలిచి, జాహెదాను పిలవలేదు.

మొన్న నేనే అడిగాను, బాధ లేదా అని. "గ్రేసక్క సంగతికి ఉంది. మండపం సంగతికి లేదు," అంది. "రెండిటికీ ఒకటే జేసీబీ అయితే నన్నేం చెయ్యమంటావు?"

గ్రేసమ్మ ఇప్పుడు ఆ తిన్నటి రోడ్డు పక్కనే బండి పెట్టుకుని టిఫిను అమ్ముతోంది. జాహెదా ప్రతి పొద్దునా వెళ్ళి నిలబడుతుంది.

"నాలుగిడ్లీలు పెట్టక్కా."

"అయిపోయినయ్," అంటుంది గ్రేసమ్మ, ఆవిరి పోతున్న పాత్ర మీద చెయ్యి వేసి. ఆ వెనకొచ్చిన డ్రైవరుకు మూత తీసి పెడుతుంది. జాహెదా నీళ్ళ డ్రమ్ములోంచి ఒక గ్లాసు ముంచుకుని తాగి, మున్సిపల్ ఆఫీసు వైపు నడుస్తుంది.